చచ్చిన క్రిములు తెచ్చిన జ్వరం: ఒక పెళ్ళి వంటమాస్టర్ కేసు

ఈ కుష్టు కేసు గురించి రాద్దామని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా, ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం పడేది. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది, బహుశా అందుకే వాయిదా వేస్తూ వచ్చానేమో కూడా. ఉత్తరాంధ్రలో చిన్న టౌన్లో చర్మవ్యాధుల ప్రాక్టీసు నాది. పేషెంట్ అనుమతి తీసుకునే రాస్తున్నా. ఊరు, వయసు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. వృత్తి మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఆ వృత్తి లేకపోతే ఈ కథే లేదు, పైగా పెళ్ళి వంటలు చేసేవాళ్ళు మా జిల్లాలో వందల మంది ఉంటారు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

ముందు జరిగింది

మనిషికి నలభై దాటాయి. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి వంటలు చేస్తాడు, కింద ఏడెనిమిది మంది పనివాళ్ళు. ఒక పెళ్ళిలో పొయ్యి మీంచి సాంబారు గుండిగ దించుతుంటే గుడ్డ జారిపోయి ఎడమ చెయ్యి చిటికెనవేలు పక్కంతా అంచుకి ఆనింది, ఆయనకి తెలీనే తెలీలేదు. కాసేపటికి పక్కనున్న కుర్రాడు "మాస్టరూ, చెయ్యి పొంగిపోయింది" అంటే చూసుకున్నాడట. అలా చేతులు కాలిపోవడం వంటవాళ్ళకి మామూలే, కానీ కాలినట్టు తెలీకపోవడం మామూలు కాదు. ఇంట్లో వాళ్ళు మాత్రం "పొయ్యి దగ్గర పని చేసీ చేసీ చెయ్యి రాటుదేలిపోయింది" అనుకుని వదిలేశారు.

ఆ తర్వాత ఇంకో ఏడాదికి ఆశ వర్కర్ ఇంటింటి సర్వేకి వచ్చినప్పుడు ఆయన చెవి తమ్మెలు చూసి అనుమానపడి పీహెచ్‌సీకి తీసుకెళ్ళింది. చెవి తమ్మెలు లావెక్కి బుడిపెలుగా ఉన్నాయి, కనుబొమ్మల చివర వెంట్రుకలు రాలిపోయాయి, పాదాలు మొద్దుబారాయి. కుష్టు, అందులోనూ క్రిములు విపరీతంగా ఉండే రకం, లెప్రొమాటస్ అంటాం. అక్కడే ఎండీటీ మొదలుపెట్టారు, అంటే నెలకోసారి రిఫాంపిసిన్ 600, క్లోఫాజిమిన్ 300, రోజూ డాప్సోన్ 100, క్లోఫాజిమిన్ 50 మిల్లీగ్రాములు, మొత్తం 12 నెలల అట్టలు, ఉచితం. డయాగ్నోసిస్ సరైనది, మందు సరైనది, ఆ ఆశ వర్కర్ చేసిన పని మాలాంటి స్పెషలిస్టులు చాలామంది చెయ్యలేరు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నా. మనదేశంలో 2005 డిసెంబర్ నాటికి కుష్టు "నిర్మూలన" అయిందని ప్రకటించారు కదా, దానర్థం పదివేల మందికి ఒక కేసు కన్నా తగ్గిందని మాత్రమే, పోయిందని కాదు. కానీ ఆ మాట విన్నాక డాక్టర్లలోనే చాలామంది ఈ జబ్బుని వెతకడం మానేశారు.

నాలుగు నెలలు బాగానే గడిచాయి, ఒళ్ళు నల్లబడటం తప్ప. అది క్లోఫాజిమిన్ వల్ల, ముందే చెప్పారట. నాలుగో అట్ట అయిపోతుండగా సాయంత్రం పూట జ్వరం, కీళ్ళ నొప్పులు, చేతుల మీదా తొడల మీదా ఎర్రగా నొప్పిగా గడ్డలు మొదలయ్యాయి. ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి వెళ్తే వైడాల్ చేయించి టైఫాయిడ్ అన్నాడు, యాంటీబయాటిక్ ఇచ్చాడు, దాంతోపాటు ఒక సూది. సూది వేసిన రాత్రే జ్వరం తగ్గిపోయింది, మూడో రోజుకి డబుల్‌గా వచ్చింది, మళ్ళీ సూది. అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అని వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఎవరో కీళ్ళ నొప్పులకి రక్తం చేయిస్తే ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చింది, "కీళ్ళవాతం" అని ఇంకో చీటీ. లెప్రొమాటస్ కుష్టులో యాంటీబాడీలు కుప్పలుగా తయారవుతాయి, దేనికి పడితే దానికి, అందుకే ఆర్ఏ ఫ్యాక్టరూ, సిఫిలిస్‌కి చేసే వీడీఆర్ఎల్లూ ఊరికే పాజిటివ్ వచ్చేస్తుంటాయి. ఈ ముక్క గుర్తుంటే ఆ చీటీ వచ్చేదే కాదు.

ఇంతమంది ఇన్ని చెప్పాక ఆయన తన లెక్క తాను వేసుకున్నాడు. ఎండీటీ వేసుకోకముందు జ్వరం లేదు, గడ్డలు లేవు. వేసుకున్నాక వచ్చాయి. కాబట్టి మందే పడలేదు. ఆపేశాడు.

నా దగ్గరికి వచ్చిన రోజు

ఒక క్యారీ బ్యాగ్‌లో అన్ని చీటీలూ, ఐదో నెల అట్టా పట్టుకుని భార్యతో వచ్చాడు. అట్ట మీద 11వ రోజు దగ్గర బిళ్ళలు ఆగిపోయాయి. మనిషి దగ్గరికి రాగానే మసాలా వాసన, ముఖ్యంగా లవంగం వాసన గుప్పుమంది. వంటమాస్టర్ కదా అనుకున్నా. ఈ వాసన సంగతి మళ్ళీ వస్తుంది.

"మందులు నాకు పడ్నేదమ్మా, ఏసుకుంటే జొరం, ఆపీసినాను" అన్నాడు. ఆపినా జ్వరం తగ్గలేదు కదా అని అడిగితే, "ఇంకా ఒంట్లో ఉంది కదమ్మా ఆ మందు, అంతా దిగాలి" అన్నాడు. తర్కం ఆయన వైపు గట్టిగానే ఉంది.

నా ముందు నాలుగు అనుమానాలు ఉన్నాయి. ఒకటి, ఆయన చెప్పినట్టే మందు పడకపోవడం. డాప్సోన్‌కి నిజంగానే ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ ఒకటుంది, జ్వరం, ఒళ్ళంతా దద్దురు, లివర్ దెబ్బతినడం, గ్రంథులు వాయడం. కానీ అది సాధారణంగా మందు మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లోపే వస్తుంది, ఈయనకి నాలుగో నెల చివర్లో వచ్చింది, లివర్ టెస్టులు నార్మల్. రెండు, మందు పనిచెయ్యక జబ్బు పెరగడం. మూడు, కుష్టులో ఇమ్యూనిటీ రేగి వచ్చే రియాక్షన్లలో టైప్ 1, అంటే పాత మచ్చలే ఎర్రబడి ఉబ్బడం. నాలుగు, టైప్ 2, దాన్నే ఈఎన్‌ఎల్ అంటాం, ఎరిథీమా నోడోసమ్ లెప్రోసమ్, అంటే మామూలు చర్మం మీద కొత్తగా గడ్డలు లేవడం.

గడ్డల మీద వేలుపెట్టి నొక్కా. చెయ్యి లాక్కున్నాడు. వేడిగా ఉన్నాయి, చర్మం పైన కాదు, లోపల కొవ్వు పొరలో పాతుకున్నట్టు ఉన్నాయి, రెండు మూడు రోజులకి ఒక విడత మానిపోయి కమిలిన మచ్చ మిగులుతుంది, ఇంకోచోట ఇంకో విడత లేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అవి లేచింది మామూలుగా కనిపించే చర్మం మీద. పాత బుడిపెలు వాటి మానాన అవి నిమ్మళంగా ఉన్నాయి. అంటే టైప్ 1 కాదు, టైప్ 2. తెల్లకణాలు 16 వేలు, అందులో న్యూట్రోఫిల్సే ఎక్కువ, ఒంట్లో వాపుని చూపించే సీఆర్పీ బాగా పెరిగి ఉంది.

ఇక మందు పనిచేస్తోందా లేదా అన్నది తేలాలంటే చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి స్మియర్ తీసి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. చూశా. క్రిములు 5 ప్లస్, అంటే కుప్పలు. ఇక్కడ ఆగిపోతే "అయ్యో, ఇన్ని నెలల మందు వృథా" అనిపిస్తుంది. కానీ లెక్క ఒకటే కాదు, క్రిమి ఎలా కనిపిస్తోంది అన్నది కూడా చూడాలి. బతికున్న క్రిమి ఎర్రటి రంగు నిండుగా పట్టి చిన్న కడ్డీలా ఉంటుంది. చచ్చినది విరిగిపోయి పూసల్లా, పొడిలా కనిపిస్తుంది. ఈయన స్లైడులో ఒక్క నిండు కడ్డీ కూడా దొరకలేదు, అంతా పొడే. మందు తన పని తాను శుభ్రంగా చేసేసింది. రిఫాంపిసిన్ ఒక్క డోసుకే బతికున్నవాటిలో 99 శాతానికి పైగా చచ్చిపోతాయి. కానీ శవాలు ఎక్కడికీ పోవు.

లోపల జరుగుతున్నది ఏంటి

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

కుష్టు క్రిమి చాలా నెమ్మదస్తురాలు. ఒకటి రెండవ్వడానికి 12 నుంచి 14 రోజులు పడుతుంది, మామూలు పేగుల్లో బ్యాక్టీరియాకి అది అరగంట లోపు పని. 1873లో నార్వేలో హాన్సెన్ దీన్ని చూశాడు, ఇప్పటికీ ల్యాబ్ ప్లేటు మీద పెంచలేకపోతున్నారు. ఒంట్లో చల్లగా ఉండే చోట్లే దీనికి ఇష్టం, అందుకే చెవి తమ్మెలు, ముక్కు, చర్మానికి దగ్గరగా పోయే నరాలు. విషం చిమ్మదు, తొందరపడదు. కణం లోపల దూరి కూర్చుంటుంది.

మరి జబ్బు ఎవరికి ఎలా వస్తుందన్నది క్రిమి కన్నా మనిషి ఇమ్యూనిటీయే తేలుస్తుంది. క్రిమి కణం లోపల ఉంది కాబట్టి దాన్ని చంపాలంటే టీ కణాలు (ఇమ్యూనిటీని నడిపే తెల్లకణాలు) క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లని రెచ్చగొట్టాలి. కొంతమందిలో ఈ పని బాగా జరుగుతుంది, వాళ్ళకి ఒకటో రెండో మచ్చలు, క్రిములు దాదాపు కనపడవు. ఈయనలాంటి వాళ్ళలో ఆ విభాగం ఈ ఒక్క క్రిమి విషయంలో నిద్రపోతుంది. మిగతా జబ్బులన్నిటికీ బాగానే ఉంటుంది, దీనికి మాత్రం స్పందించదు. దాని బదులు యాంటీబాడీలు మాత్రం విపరీతంగా తయారవుతాయి, అవి కణం బయటే తిరుగుతాయి, లోపల కూర్చున్న క్రిమిని ఏమీ చెయ్యలేవు. దొంగ ఇంట్లో ఉంటే వీధిలో పోలీసులు తిరిగినట్టు. అలా ఏళ్ళ తరబడి కోట్ల క్రిములు పోగుపడినా మనిషికి నొప్పి లేదు, జ్వరం లేదు.

ఇప్పుడు మందు వేశాం. క్రిములు చచ్చి ముక్కలై, ఆ ముక్కలు కణాల్లోంచి బయటికి వచ్చాయి. వీధిలో ఇన్నేళ్ళుగా ఖాళీగా తిరుగుతున్న యాంటీబాడీలకి మొదటిసారి పని దొరికింది. ముక్కలూ యాంటీబాడీలూ అంటుకుని ముద్దలై చర్మంలో, కీళ్ళలో, నరాల్లో, కంట్లో, వృషణాల్లో చేరతాయి, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల వరస మొదలవుతుంది, న్యూట్రోఫిల్స్ పరిగెత్తుకొస్తాయి, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు రక్తంలో పెరుగుతాయి. జ్వరం అదే, గడ్డలూ అవే. కథ అంతా ఇంత సింపుల్ కాదు, టీ కణాల పాత్రా ఉంది, అసలు మందు మొదలుపెట్టకముందే ఈఎన్‌ఎల్‌తో వచ్చేవాళ్ళూ ఉంటారు, కానీ వైద్యం నిర్ణయించుకోడానికి ఈ బొమ్మ చాలు.

ఇదంతా ఆయనకి ఎలా చెప్పాలో అర్థం కాలేదు కాసేపు. తర్వాత అడిగా, "మాస్టారూ, పెళ్ళి భోజనాలు అయిపోయాక ఎంగిలాకులు ఎత్తకుండా వదిలేస్తే ఏమవుద్ది?" అని. "కుక్కలొచ్చి కొట్టుకుంటాయమ్మా, ఈగలు, కంపు, ఊరోళ్ళ తిట్లు" అన్నాడు. "మీ ఒంట్లో భోజనాలు అయిపోయాయి, తినేవాళ్ళంతా పోయారు, ఆ ఆకుల కుప్ప మిగిలింది, ఇప్పుడు కొట్టుకుంటున్నది కుక్కలు" అన్నా. కాసేపు ఆలోచించి, "మరి ఎత్తీడానికి ఎన్నాళ్ళు పడతాదమ్మా?" అన్నాడు. నేను విన్న ప్రశ్నల్లో ఇంత సరైన ప్రశ్న పీజీ స్టూడెంట్ కూడా అడగలేదు. జవాబు మాత్రం బాలేదు. స్మియర్ లెక్క ఏడాదికి ఒక ప్లస్ చొప్పున తగ్గితే గొప్ప, 5 ప్లస్ అంటే ఐదేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. ఒంటికి ఆ కుప్ప ఎత్తే చేవ తక్కువ కాబట్టే కదా ఇక్కడిదాకా వచ్చింది.

మొదటి నిర్ణయాలు, పుస్తకం ప్రకారం

ఎండీటీ ఆ రోజే మళ్ళీ మొదలు. మధ్యలో ఆగింది మూడు వారాలే, 12 అట్టల్ని 18 నెలల్లో పూర్తిచేస్తే చాలు కాబట్టి మొదట్నుంచీ వెయ్యక్కర్లేదు. మందు ఆపితే రియాక్షన్ ఆగదు, మిగిలిన ఒకటీ అరా క్రిములకి మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఈ ఒక్క విషయం ఒప్పించడానికి అరగంట పట్టింది, ఎంగిలాకుల పోలిక లేకపోతే ఒప్పుకునేవాడు కాదేమో.

రియాక్షన్‌కి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండేసి వారాలకి 30, 20, 15, 10, 5 అని తగ్గిస్తూ పన్నెండు వారాల షెడ్యూలు. దానికి ముందు సుగర్ చూశా, పరగడుపున 98. ఆల్బెండజోల్ ఇచ్చా, ఎందుకంటే మట్టిలో ఉత్తి కాళ్ళతో తిరిగేవాళ్ళ పేగుల్లో స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఏ గొడవా లేకుండా ఏళ్ళ తరబడి ఉండొచ్చు, స్టెరాయిడ్‌తో ఇమ్యూనిటీని పడుకోబెడితే అది ఒంటి నిండా పాకి ప్రాణం తీస్తుంది. ఇంకొకరి దగ్గర జరిగిన అలాంటి కేసు గురించి విన్నాక నేను ఇది ఎప్పుడూ మర్చిపోను. ఎక్స్‌రే తీసి టీబీ లేదని కూడా చూసుకున్నా.

నరాల పరీక్ష ఆ రోజు రాసిపెట్టుకున్నా. మోచేతి దగ్గర అల్నార్ నరం (చిటికెనవేలు వైపు పోయేది) రెండు పక్కలా లావుగా ఉంది, ఎడమది నొక్కితే నొప్పి. చిటికెనవేలు, ఉంగరంవేలు మధ్య చీటీ కాగితం పెట్టి గట్టిగా పట్టుకోమని లాగా. కుడిచేతిలో కాగితం చిరిగింది. ఎడమచేతిలో కొంచెం పట్టి తర్వాత జారింది.

వారంలో జ్వరం పోయింది, గడ్డలు మాడిపోయాయి. మనిషి నవ్వుతూ వచ్చాడు. నేనూ నవ్వుతూనే పంపించా.

ఓడిపోయిన చోటు

ఏడో వారంలో, 15కి దిగగానే, మళ్ళీ మొత్తం తిరగబెట్టింది. ఈసారి ఒక వృషణం కూడా వాచింది. మళ్ళీ 40. మళ్ళీ తగ్గింది. మళ్ళీ తగ్గిస్తూ వచ్చా, మళ్ళీ 15 దగ్గరే మూడోసారి లేచింది. మొదటిసారి చూసి అప్పటికి నాలుగు నెలలు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పరగడుపు సుగర్ 148. చీటీ కాగితం పరీక్ష మళ్ళీ చేశా, ఎడమచేతిలోంచి కాగితం ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది, ఆయన మాత్రం గట్టిగా పట్టుకున్నాననే అనుకుంటున్నాడు, నా వైపు చూస్తున్నాడు, ఇంకా లాగలేదేంటా అని.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. చర్మం మానుతుంది, జ్వరం పోతుంది, నరం పూర్తిగా పోతే మాత్రం తిరిగి రాదు. వంట చేసేవాడికి ఎడమచెయ్యి.

ఇక్కడ నా ముందు ఉన్న దారులు. డోసు 60కి పెంచడం, సుగర్ అప్పటికే ఎక్కింది. థాలిడమైడ్, ఇది ఈఎన్‌ఎల్‌కి మంత్రంలా పనిచేస్తుంది. 1964లో జెరూసలేంలో షెస్కిన్ అనే డాక్టరు ఈఎన్‌ఎల్‌తో నిద్ర పట్టని పేషెంట్లకి నిద్రమాత్రగా ఇస్తే గడ్డలే మాయమయ్యాయి, గర్భంలో పిల్లల్ని వికలాంగుల్ని చేసిందని అప్పటికి మూడేళ్ళ ముందే ప్రపంచమంతా వెలేసిన మందు అది. భార్యకి పిల్లల ఆపరేషన్ అయింది, కాబట్టి ఆ భయం తక్కువే, అయినా వీర్యంలోకి వెళ్ళే మందు కాబట్టి కండోమ్ తప్పనిసరి అని చెప్పాల్సి ఉంటుంది. కానీ నేను ఆ రోజు రాయకపోవడానికి కారణం వేరే. థాలిడమైడ్ తనంతట తానే నరాల్ని దెబ్బతీస్తుంది, నరమే పోతున్న మనిషికి దాన్నే నమ్ముకుని స్టెరాయిడ్ తగ్గించడం నాకు సరి అనిపించలేదు. స్టెరాయిడ్‌తో కలిపి వాడితే కాళ్ళలో రక్తం గడ్డకట్టే గొడవ ఇంకొకటి. ఇంకో డాక్టరు అదే రోజు అదే మందు రాసి ఉండొచ్చు, తప్పు అనను.

మూడోది, క్లోఫాజిమిన్ డోసు పెంచడం. రోజుకి 300. ఇది క్రిమినీ చంపుతుంది, మంటనీ తగ్గిస్తుంది, కానీ పనిచెయ్యడానికి నెల పైనే పడుతుంది, స్టెరాయిడ్ కింద మెల్లగా అరుగు కట్టినట్టు. ఒళ్ళు ఇంకా నల్లబడుతుంది. అదే చెప్పా. "ఇప్పటికే బనీన్లు ఎర్రగా అవతన్నాయమ్మా చెమటకి, వడ్డించేవాళ్ళు ఏటది అనడుగుతున్నారు" అన్నాడు. నిజమే, చెమటని కూడా రంగు మారుస్తుంది ఆ మందు. నల్లబడ్డం తగ్గుతుంది, చెయ్యి పోతే రాదు అని చెప్పా. ఒప్పుకున్నాడు.

ఇంతవరకు డాక్టరు కథే. నాలుగు నెలలుగా నేను అడగని ప్రశ్న ఏంటంటే, ఎందుకు ప్రతిసారీ తిరగబెడుతోంది? కుప్ప ఉంది, నిజమే, కానీ కుప్ప అందరికీ ఉంటుంది. ఈ కుక్కల్ని మళ్ళీ మళ్ళీ ఉసిగొల్పుతున్నది ఎవరు?

లవంగం

ఆ రోజు ఆయన బయట సుగర్ చీటీ తెచ్చుకోడానికి వెళ్తే భార్యతో మాట్లాడుతున్నా. బిళ్ళలు సరిగ్గా వేసుకుంటున్నాడా అంటే ఆవిడ కాసేపు తటపటాయించి బ్యాగ్‌లోంచి ప్రెడ్నిసలోన్ అట్టలు తీసింది. లెక్కపెట్టా. నేను రాసిన లెక్కకీ ఆ మిగిలిన బిళ్ళలకీ ఎక్కడా పొంతన లేదు. విషయం ఏంటంటే ముహూర్తం ఉన్న ముందురోజు రాత్రి నొప్పులు రాకూడదని నాలుగైదు బిళ్ళలు ఎక్కువ మింగుతాడట, సీజన్ లేని రోజుల్లో ముఖం ఉబ్బిందని ఎవరో అన్నారని పూర్తిగా మానేస్తాడట. నేను కాగితం మీద 40, 30, 20 అని మెట్లు కడుతున్నా, ఆయన ఒంట్లో అది పంచాంగం ప్రకారం ఎక్కి దిగుతోంది.

అదొక్కటీ కాదు. ఆవిడే అంది, "ఆయనకి ఎడం పక్క నమల్నీదు మేడంగారూ, ఆర్నెల్ల పైనయింది, ఆ లవంగం పెట్టుకునే తిరుగుతారు."

ఆ మాటతో నా మొహం వేడెక్కింది. మొదటి రోజు నుంచీ ప్రతిసారీ వచ్చిన ఆ వాసన. నేను ప్రతి విజిట్‌కీ గడ్డలు లెక్కపెట్టా, నరాలు తడిమా, కళ్ళు చూశా, నోరు తెరవమని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన లోపలికి రాగానే టార్చ్ వేసి చూశా. ఎడమ కింద దవడ, వెనక నుంచి రెండో పన్ను నల్లగా పుచ్చి గుల్లయింది, పక్కన చిగురు మీద చిన్న తెల్లటి మొటిమ, నొక్కితే చీము. దాని పక్క పన్ను కూడా కదులుతోంది.

ఇన్ఫెక్షన్లు ఈఎన్‌ఎల్‌ని రేపుతాయన్నది కొత్త విషయమేమీ కాదు, ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. పంటిలో చీము, సైనస్, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలి పుండు, ఏదైనా సరే, అక్కడి బ్యాక్టీరియా కోసం ఇమ్యూనిటీ నిద్రలేచినప్పుడు ఆ కేకలు ఈ పాత కుప్ప దాకా వినిపిస్తాయి. ఒక మూల వేరే క్రిమితో జరుగుతున్న గొడవ, ఇంకో మూల చచ్చిన క్రిమి మీద పెద్ద రచ్చ అవుతుంది. స్టెరాయిడ్ ఇస్తూ పోయి నేను ఆ పంటి చీముని కూడా కాపాడుతూ వచ్చానన్నమాట.

డెంటిస్టుకి ఫోన్ చేశా. కుష్టు పేషెంట్ అంటే కొన్నిచోట్ల ఇప్పటికీ తలుపు దగ్గరే ఆపేస్తారు, అందుకే ముందే చెప్పా, ఎండీటీ మీద ఉన్నాడు, ఎవరికీ అంటదు అని. ఆయన ఏమీ అనకుండా యాంటీబయాటిక్ వేసి రెండు పళ్ళూ పీకి పంపించాడు. నెలల తరబడి స్టెరాయిడ్ మీద ఉన్న మనిషి కాబట్టి ఆ రోజుల్లో ప్రెడ్నిసలోన్ ఆపొద్దని మాత్రం గట్టిగా చెప్పా.

నిలబడింది

పంటి పని అయ్యాక తగ్గింపు పద్ధతి మొత్తం మార్చేశా. రెండు వారాలకోసారి కాదు, 20 నుంచి కిందకి నెలకోసారి రెండున్నర లేదా ఐదు మిల్లీగ్రాములు మాత్రమే. బిళ్ళలు నెలకి సరిపడా కాకుండా రెండేసి వారాలకే ఇచ్చా, పాత అట్ట చూపిస్తేనే కొత్తది. నేను కాస్త పెళ్ళిళ్ళ పంచాంగం కూడా నేర్చుకున్నా, ముహూర్తాలు ఎక్కువున్న వారంలో డోసు తగ్గించకుండా అలాగే ఉంచి, ఆ సీజన్ దాటాక తగ్గించడం. మొదట్లోనే ఇలా అడిగి ఉంటే ఆయన దొంగచాటుగా మింగే అవసరమే ఉండేది కాదు. క్లోఫాజిమిన్ 300 పన్నెండు వారాలు, తర్వాత 200, తర్వాత 100, మొత్తం ఏడాది దాటకుండా. మధ్యలో కడుపునొప్పి వచ్చింది, ఆ మందు పేగుల్లో పేరుకుంటుంది కాబట్టి కంగారుపడి 200కి ఒక వారం ముందే దించేశా.

మోచేతికి రాత్రి పూట మెత్తటి కట్టు, చెయ్యి పూర్తిగా మడిచి పడుకోకుండా. ఫిజియోథెరపీ రోజూ పది నిమిషాలు.

15 దాటాం. 10 దాటాం. ఒకసారి ఐదారు గడ్డలు లేచాయి, జ్వరం లేదు, డోసు పెంచలేదు, పారాసెటమాల్ ఇచ్చి నాలుగు రోజులు ఆగా, అవే పోయాయి. నాకు తెలీకుండానే చెయ్యి పెన్ను మీదికి వెళ్ళింది 20కి పెంచేద్దామని, నరం పరీక్ష నిలకడగా ఉంది కాబట్టి ఆగిపోయా. అన్ని గడ్డలకీ స్టెరాయిడ్ పెంచాల్సిన పని లేదు, నరం, కన్ను, వృషణం, ఈ మూడిట్లో ఏదన్నా ఉంటేనే పరిగెత్తాలి.

పన్ను తీయడం వల్ల నిలబడిందా, బిళ్ళలు సక్రమంగా వేసుకోవడం వల్లా, క్లోఫాజిమిన్ వల్లా అంటే చెప్పలేను, మూడూ ఒకే నెలలో మొదలయ్యాయి. ఒకటొకటే మార్చి చూసేంత టైమ్ ఆ నరానికి లేదు. నా వరకైతే పన్నే అసలు దోషి అనిపిస్తుంది, కానీ అది నా అపరాధభావం మాట్లాడటం కూడా కావచ్చు.

దీని తర్వాత నా కేస్ షీట్‌లో మార్చినవి రెండు. రియాక్షన్ పేషెంట్ ఎవరొచ్చినా మొదటి విజిట్‌లోనే పళ్ళు, చెవులు, అరికాళ్ళు, మూత్రం చూసి రాసే గడి ఒకటి పెట్టా. రెండోది, స్టెరాయిడ్ రాసే ముందు "ఏ రోజుల్లో పని ఎక్కువుంటుంది" అని అడగడం. వరికోతలు, చేపల వేట, పెళ్ళిళ్ళు, ఎవరి క్యాలెండర్ వాళ్ళది, తగ్గింపు షెడ్యూలు దానికి తగ్గట్టే ఉండాలి. ఎండీటీ ఇచ్చేవాళ్ళకి కూడా ఒక మాట, ఒళ్ళు నల్లబడుతుందని ముందే చెప్తున్నాం, బాగుంది, "మందు బాగా పనిచేస్తున్నప్పుడే జ్వరం, గడ్డలు రావచ్చు, వస్తే మందు ఆపకుండా రండి" అని కూడా మొదటి అట్ట చేతిలో పెడుతున్నప్పుడే చెప్పాలి. ఈయనకి ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆరెంపీ సూదులూ, మూడు వారాల గ్యాపూ ఉండేవి కావు.

ఇప్పుడు

12 అట్టలు పూర్తయ్యాయి. ప్రెడ్నిసలోన్ ఆపి ఎనిమిది నెలలు. సుగర్ దిగింది. భార్యకీ కొడుకుకీ పీహెచ్‌సీలో పరీక్షచేసి ఒక్క డోసు రిఫాంపిసిన్ వేశారు, ఇంట్లో వాళ్ళకి రాకుండా ఇప్పుడు అందరికీ ఇస్తున్నదే. స్మియర్ 4 ప్లస్, అంతా పొడే, అంటే కుప్ప ఇంకా చాలానే ఉంది, మళ్ళీ ఎప్పుడైనా లేవొచ్చని ఆయనకీ తెలుసు. మూడు నెలలకోసారి వస్తాడు. ఎడమచేతి బలం కొంత వచ్చింది, కాగితం ఇప్పుడు జారే ముందు కాస్త పట్టి ఆగుతుంది, స్పర్శ మాత్రం చిటికెనవేలు పక్క రాలేదు. గుండిగలు దించేటప్పుడు రెండు పొరల గోనెగుడ్డ చేతులకి కట్టుకుంటున్నాడు, పని అయ్యాక కుర్రాడి చేత చేతులు చూపించుకుంటాడట ఎక్కడైనా పొంగిందేమో అని. మొన్న వచ్చినప్పుడు లవంగం వాసన లేదు, అయినా నోరు తెరవమన్నా. "పళ్ళు బాగానే ఉన్నాయమ్మా" అని నవ్వాడు. కుడి పక్క పైన ఒకటి పుచ్చడం మొదలైంది, డెంటిస్టుకి చీటీ రాసిచ్చా.